జీతం లేని కోడ్: లాక్‌డౌన్ నాటి సొంత ప్రోగ్రాములు

లాక్‌డౌన్ అనగానే చాలామందికి నురగ కట్టేదాకా గిలక్కొట్టిన డాల్గోనా కాఫీ, దూరదర్శన్‌లో మళ్లీ వచ్చిన రామాయణం గుర్తొస్తాయి. ప్రోగ్రాములు రాయడం వచ్చినవాళ్లకు మరో జ్ఞాపకం కూడా ఉంటుంది. ఆఫీసు పని ముగిశాక అదే కుర్చీలో, అదే లాప్‌టాప్ మీద, జీతంతో సంబంధం లేని కోడ్ రాసుకున్న రాత్రులవి. ఆ ప్రోగ్రాములకు పెట్టుబడిదారు లేడు, మేనేజరు లేడు, గడువూ లేదు. కొన్నిటినైతే రాసుకున్న మనిషి తప్ప ఇంకెవరూ వాడలేదు.

అలవాటు పాతదే. 1991 ఆగస్టు 25న హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తానొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటిస్తూ, అది సరదా కోసం చేస్తున్న పనేనని చెప్పుకున్నాడు. అదే లినక్స్. లాక్‌డౌన్‌కు కాస్త ముందు, 2020 ఫిబ్రవరిలో, అమెరికన్ నవలాకారుడు రాబిన్ స్లోన్ ఇంకో రకం ముచ్చట రాశాడు. ఇంట్లోవాళ్లు వాడే మెసేజింగ్ యాప్ మూతపడితే దాని బదులు తానే ఒకటి తయారుచేశాడు. వాడేది నలుగురే. యాప్‌ను కూడా ఇంటి వంటలా చూడొచ్చని ఆయన మాట. కొద్దివారాలకే ప్రపంచమంతా ఇళ్లలో కూర్చుంది.

మన దేశంలో ఈ కథ అంకెలతో మొదలైంది. 2020 మార్చి 24 రాత్రి ప్రధాని 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించేనాటికే, టెలిగ్రామ్ గ్రూపులో కలుసుకున్న కొందరు స్వచ్ఛందంగా ‘కోవిడ్19ఇండియా’ అనే కరోనా కేసుల లెక్కల పట్టిక నడుపుతున్నారు. కోడ్ రాయడం అందులో తేలిక భాగం. కష్టమంతా లెక్కలు పోగేయడంలోనే ఉంది. ఒక రాష్ట్రం పీడీఎఫ్ ఇచ్చేది, మరొకటి బొమ్మగా పెట్టేది, ఇంకోచోట ఆరోగ్య మంత్రి ట్వీటే ఆధారం. వీటన్నిటినీ మనుషులే చదివి, గూగుల్ షీట్‌లో చేత్తో ఎక్కించి, సరిచూసేవారు. జిల్లాలవారీ అంకెలు ఒకేచోట దొరికేది అక్కడే కాబట్టి పత్రికలు, పరిశోధకులు కూడా దాన్నే ఆశ్రయించారు. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ఇలా గడిపినవాళ్లు దాన్ని ఏడాదిన్నరకు పైగా మోశారు. ఇది ప్రభుత్వం చేయాల్సిన పని కాదా అని అడిగితే, చేయాల్సిందే.

రెండో అల నాటికి కొరత టీకాలకు వచ్చింది. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 18 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వ టీకా పోర్టల్ కోవిన్‌లో నమోదు తెరిస్తే మొదటిరోజే 1.3 కోట్ల మందికి పైగా పేర్లు ఇచ్చారు. స్లాట్లు మాత్రం కనిపించగానే మాయమయ్యేవి. కోవిన్ ఒక మంచి పని చేసింది: ఏ కేంద్రంలో ఏ వయసువారికి ఎన్ని డోసులున్నాయో బయటి ప్రోగ్రాములు అడిగి తెలుసుకునేలా ఏపీఐని తెరిచి ఉంచింది. జిల్లా, తేదీ చెప్పి అడిగితే జాబితా వచ్చేది. అందులో కనీస వయసు 18 అని, ఖాళీలు సున్నా కంటే ఎక్కువని ఉంటే గంట మోగించాలి. పైథాన్‌లో అది ఒక ఇరవై వరుసల పని. దేశమంతటా ఎంతోమంది ఎవరికి వారు ఇదే ప్రోగ్రాము రాసుకున్నారు. చెన్నై ప్రోగ్రామర్ బెర్టీ థామస్ తన కోసం రాసుకున్నదే ‘అండర్45’గా మారి, ఊరూరికీ టెలిగ్రామ్ ఛానళ్లుగా విస్తరించి లక్షల మందికి చేరింది.

కోవిన్ త్వరలోనే పగ్గాలు బిగించింది. ఒక ఐపీ చిరునామా నుంచి అయిదు నిమిషాలకు 100 ప్రశ్నలే అడగాలంది. బయటికిచ్చే సమాచారం అరగంట దాకా పాతబడి ఉండొచ్చంది. అరగంట పాత కబురుతో స్లాట్ పట్టడం కలలో మాట. ఇక ఈ వయసువారికి టీకాలు మొదలుకావాల్సిన మే 1న తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ టీకా మొదలే కాలేదు. ఎంత చురుకైన స్క్రిప్టయినా లేని డోసును పుట్టించలేదు కదా!

మరో సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర అబద్ధమవుతుంది. స్క్రిప్టు ఉన్నవాడు ముందు, స్మార్ట్‌ఫోన్ ఉన్నవాడు తర్వాత, ఏదీ లేనివాడు చిట్టచివర. నగరాల కుర్రాళ్లు దూరపు పల్లెల ఆరోగ్య కేంద్రాల్లో స్లాట్లు పట్టి కార్లలో వెళ్లొచ్చారు. చీరాలకు చెందిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు కూడా ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం మే 31 నాటి ఉత్తర్వులో ఈ డిజిటల్ అంతరాన్నే ఎత్తిచూపింది. ముందస్తు ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి కాదని జూన్‌లో కేంద్రం చెప్పింది.

కోవిడ్19ఇండియా 2021 అక్టోబరు 31న లెక్కలు ఆపేసింది. మరునాడు, నవంబరు 1న, బ్రూక్లిన్‌లో ఒక ఇంజనీరు తన భాగస్వామి కోసం చేసిన పదాల ఆటను 90 మంది ఆడారు. ఆయన జోష్ వార్డిల్, ఆమె పలక్ షా, ఆట వర్డిల్. దాదాపు 12,000 అయిదక్షరాల ఇంగ్లిష్ పదాల్లోంచి తెలిసిన మాటలు ఏరినది ఆమే. రోజుకు ఒక్క పదం, అప్పట్లో ప్రకటనలూ లేవు. జనవరి 2కల్లా ఆడేవారు మూడు లక్షలయ్యారు. అదే నెల చివరిరోజున న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనేసింది.

వెంటనే తెలుగులోనూ అలాంటి ఆటలు వచ్చాయి. చేసినవాళ్లకు మొదటి చిక్కు అక్షరానికొకటిగా ఉండే గడుల దగ్గరే ఎదురవుతుంది. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం, యూనికోడ్‌కు ఆరు సంకేతాలు. మామూలుగా పొడవు అడిగితే కంప్యూటరు ఆరంటుంది. ఒత్తులూ గుణింతాలూ కలిపి ఒక గడిలో కూర్చోబెట్టే పని విడిగా రాసుకోవాల్సిందే. పత్రికల్లో గడినుడి నింపే పాఠకులకు ఏ తర్కమూ అక్కరలేకుండా తెలిసిన విషయమిది.

పేరొచ్చినవి ఈ కొన్నే. మిగతావాటికి గెజిట్లలో జాడ ఉండదు, హార్డ్ డిస్కులు పోతే అవీ పోతాయి. మీ పాత లాప్‌టాప్‌లో అలాంటిదేదైనా మిగిలి ఉంటే, ఎప్పుడు, ఎవరి కోసం, ఎందుకు రాశారో నాలుగు ముక్కలు తెలుగులో చేర్చి భద్రపరచండి. అందులో ఎవరి పేర్లయినా, ఫోన్ నంబర్లయినా ఉంటే మాత్రం ముందు తీసేయండి.