గుత్ప పట్టిన తాతలు

కుంపిణీవారి కాలమున ఉత్తర హిందూస్థానమందు సిపాయికి ‘తిలంగా’ అను పేరు వాడుకలో నుండెను. తొలినాటి పటాలములలో తెలుగువారు మిక్కిలిగా చేరియుండుటయే ఇందుకు కారణము. వారికి జీతము కలదు, ఉడుపు కలదు, దండు చిట్టాలో పేరు కలదు. వరంగల్లు పల్లెలలో మరియొక తెగ సైనికులు పుట్టిరి. వారికి ఈ మూడును లేవు. ఇంటిలోని పిల్లలకు వారు తాతలు, ఊరివారికి సంగపోళ్ళు.

సంగమనగా ఆంధ్రమహాసభ. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన సభ తరువాత ఒక అణాతో సభ్యత్వము లభించుచుండుటచే, అక్షరము రాని పాలేరు కూడ అందు చేరగలిగెను. అతనిని అచ్చటికి నడిపినది సిద్ధాంతము కాదు, వెట్టి. దొరగారి గడికి కుమ్మరి కుండలను, గీతకాడు కల్లును, చాకలి తన రెక్కల కష్టమును కూలి లేకయే యిచ్చుకొనవలసిన రోజులవి. పాలకుర్తి చాకలి ఐలమ్మ పండించిన ధాన్యమును విసునూరు దేశముఖు తీసికొనిపోజూడగా, సంగమువారు కోసి, మోసి ఆమె యింట చేర్చిరి. వరికట్ట మోయుటయే ఎందరికో మొదటి యుద్ధము.

1946 జూలై 4న కడవెండిలో దొరగారి మనుషులు ఊరేగింపుపై తుపాకులు కాల్చగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. అటుపిమ్మట ఊరూర గుత్పలు లేచినవి. గుత్ప కొత్తగా చేయించిన ఆయుధము కాదు. గొల్లల చేతను రైతుల చేతను నిత్యము నుండు దుడ్డుకర్రయే. వడిసెల జొన్నచేలలో పిట్టలను తోలునది. ఆడువారు దంచిన కారమును చేతబట్టిరి. సాయుధ పోరాటమునకు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీనులు పిలుపునిచ్చినది 1947 సెప్టెంబరు 11న. అనగా పిలుపు రాకమునుపే కర్ర లేచినది. చరిత్ర వ్రాయువారు ఈ వరుసను తరచు తలక్రిందులు చేయుదురు.

పట్టణమున పోరు వేరు రూపము తాల్చెను. 1946 ఆగస్టు 11న వరంగల్లు కోటలో జెండా ఎగురవేసిన బత్తిని మొగిలయ్యగౌడు హతుడయ్యెను. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా పట్టిన జనముపై కాల్పులు జరిగెను. పల్లెలకు మాత్రము బురుజే కోట. దొంగల భయమునకై పూర్వులు కట్టిన బురుజుపై రాత్రులు కావలి యుండి, రజాకార్లు వచ్చుట కనుపింపగానే డప్పు మ్రోగించెడివారు. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో నుండిన బైరాన్‌పల్లి అట్లే ఎదురొడ్డెను. 1948 ఆగస్టు 27న సైన్యము ఫిరంగులతో వచ్చిన దినమున బురుజు ఆగలేదు. పట్టుబడిన వారిని వరుసగా నిలిపి కాల్చిరి.

సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయెను. తాతల కథ ఇచ్చటనే ముడిపడును. భారతసైన్యమునకు పూలమాలలు వేసిన యూరిలోనే, కొందరు పంచుకొన్న భూమిని వదలుటకు ఒప్పుకొనక అడవి పట్టిరి. 1951 అక్టోబరు 21న పోరాటము విరమింపబడువరకు వారు ఆ సైన్యమునకే శత్రువులు. మరుసటి యేడు ఎన్నికలలో పెండ్యాల రాఘవరావు వరంగల్లు లోకసభ స్థానమును గెలిచెను. నిన్నటి నేరస్థుల పక్షమునకు ఓటు పడెను గాని, వారి ఇండ్లలో ఆ మూడేండ్ల మాట పైకి రాలేదు. మనుమలు నిజాము నాటి కథనడిగిన తాత ఉత్సాహముతో చెప్పును. తరువాతి కథనడిగిన చుట్ట వెలిగించుకొనును.

1972లో కేంద్రప్రభుత్వము స్వాతంత్ర్యయోధులకు పింఛను పథకము పెట్టెను. ఆరు నెలల చెరసాల గాని అజ్ఞాతవాసము గాని రుజువు కావలయును. జైలు ధ్రువపత్రమో, వారంటు కాగితమో చూపవలెను. పట్టుబడినవానికి సాక్ష్యము దొరకెను. పోలీసులకు పేరైన తెలియనీయక తప్పించుకొన్న నేర్పరికి దొరకలేదు. బురుజుపై డప్పు కొట్టినవానికి, చీకటిలో దళమునకు అంబలి మోసినవానికి కాగితమిచ్చు కచేరి యేది? కడవెండికి చెందిన నల్లా నరసింహులు వంటి కొద్దిమంది తమ అనుభవములను గ్రంథములుగా వ్రాసిపోయిరి. అక్షరము రానివారు వ్రాయలేదు.

గ్రంథాలయోద్యమమున పాటుపడిన వట్టికోట ఆళ్వారుస్వామి ఈ జనుల కథను నవలలుగా చెప్పబూనెను. ‘ప్రజల మనిషి’ గుత్ప లేవక మునుపే ముగియును. తరువాయిగా మొదలిడిన ‘గంగు’ పూర్తికాకుండగనే 1961లో ఆయన కన్నుమూసెను. కథలో కొంత భాగము తాతల నోటనే మిగిలినది. వారిలో నేడు బ్రదికియున్నవారు బహు కొద్దిమంది.