ఆక్స్‌ఫర్డున సహాయపండితుడు

పరదేశమున కేగి యితరుల విద్యాలయమున సహాయోపాధ్యాయుడుగా కుదురుకొనుట సులభము గాదు. పాండిత్యము తనదే యైనను పీఠము పరునిది. అట్టి స్థితిలో ఆత్మగౌరవము నెట్లు నిలుపుకొనవలెనో శ్యామజీ కృష్ణవర్మ చరిత్రము తెలుపుచున్నది.

1857లో కచ్ఛదేశమునందలి మాండవిలో జన్మించిన యీతడు 1879లో ఆక్స్‌ఫర్డు నగరమును చేరి, సంస్కృతాచార్యుడగు మోనియర్ విలియమ్సునకు సహాయుడయ్యెను. సంస్కృతమున నప్పటికే పండితుడైనను, అంతటితో తృప్తినొందక బేలియల్ కళాశాలలో విద్యార్థిగా ప్రవేశించి 1883లో బి.ఏ. పట్టమును బడసెను. ఒక చేత విద్య నిచ్చుచు వేఱొక చేత విద్య గొనువాడు ఆ యూరికి పరాయివాడు కావచ్చును గాని, యెవరికిని సేవకుడు గాడు.

1905లో నీతడే లండనునందలి హైగేటున భారతీయ విద్యార్థులకై ఇండియా హౌస్ అను వసతిగృహమును నెలకొల్పెను. ఆంగ్లప్రభుత్వోద్యోగము చేయరాదను నియమముతో విద్యార్థివేతనముల నేర్పఱచెను. ఆ గృహము రాజకీయోద్యమమునకు నిలయమైన మాట నిజమే. కాని క్రొత్తగా వచ్చిన బాలునకు మొదట నది తలదాచుకొను చోటు.

చదువరులారా, నేడును మన యిండ్ల బిడ్డలు బోధనసహాయకులై విదేశముల కేగుచున్నారు. వారి ప్రయాణపు మూటలో ఊరగాయలతోబాటు ఈ బుద్ధియు నుండవలెను: పుచ్చుకొన్నదానికి దీటుగా నిచ్చుట, ముందు చేరినవాడు వెనుక వచ్చువానికి తలుపు తీయుట.