రాజముద్రయు రహస్యపదమును

ఒంగోలు సీమలోని చెందలూరున పల్లవ కుమారవిష్ణువు దానశాసన మొకటి, తూర్పు చాళుక్య సర్వలోకాశ్రయుని దానశాసన మొకటి లభించినవి. రెండును రాగిరేకులే. ఆనాటి రాగిశాసనములను చూచినవారికి అక్షరములకంటె ముందు కంటబడునది వాటిని గ్రుచ్చిన కడియము. రేకులకు రంధ్రములు చేసి, ఒకే కడియమున గ్రుచ్చి, దాని కొనలను రాజముద్రలో అతికెడివారు. తూర్పు చాళుక్యుల ముద్రలపై వరాహమును, త్రిభువనాంకుశ బిరుదమును తరచుగ కానవచ్చును. కడియమును కోయనిదే ఒక రేకు తీసి మరియొకటి చేర్చ వీలులేదు. అంతటితో తృప్తిపడక, శాసనము చివర “ఆజ్ఞప్తి” యని, దానమును అమలుజరుపు అధికారిని పేర్కొనుటయు కలదు. ముద్ర ఒక సాక్ష్యము, మనిషి మరియొక సాక్ష్యము.

ఇంత జాగ్రత్త యెందుకనగా, దొంగశాసనములు నాడును ఉండినవి. కూటశాసనము చేయువానికి మనుస్మృతి మరణదండన విధించినది. వామరథ్యుడను బ్రాహ్మణుడు కూటశాసనముతో అనుభవించుచుండిన గ్రామమును హర్షుడు లాగుకొని ఇతరుల కిచ్చినట్లు మధుబన్ శాసనము చెప్పుచున్నది.

ఇక మన కాలమునకు వత్తము. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బటో బృందము ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొను ఏర్పాటును ప్రదర్శించినది. ఎవరి వ్రాతలు వారివిగా ఉండుటకై ఒక్కొక్కరికి ఒక రహస్యపదము. ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటలే యంత్రము లభించెడిది. అది చాలక, 1962లో అతడు రహస్యపదముల పట్టికనే అచ్చువేయించుకొని ఇతరుల పేర లోనికి ప్రవేశించినాడు! తాళము చేసిన విద్యాలయములోనే తాళము ఊడినదన్నమాట.

రహస్యపదము తెలిసినవాడెల్ల యజమానుడే. దాని బలహీనత అదియే. కనుక మనసున నున్నదానికి తోడు చేతనున్నది యొకటి కావలసివచ్చినది. 2011లో ప్రమాణముగ వెలువడిన పద్ధతిలో, ఫోనుకును విద్యాలయపు యంత్రమునకును మాత్రమే తెలిసిన ఒక బీజమును గడియారపు కాలముతో కలిపి గణింతురు. సాధారణముగ ముప్పది సెకనుల కొకసారి క్రొత్త ఆరంకెలు పుట్టును. మనదేశమున ఇంటర్నెట్టులో కార్డుతో చెల్లించువారికి రిజర్వు బ్యాంకు 2009లోనే రెండవ తనిఖీ విధించినది.

కొనకనమిట్ల నుండి ఒంగోలుకో గుంటూరుకో చదువబోయిన పిల్లవాని సంగతి చూడుడు. ప్రవేశపత్రమున తండ్రి ఫోను సంఖ్య వ్రాసినచో, అంకెలు పొలములోనున్న తండ్రికి చేరును. పరీక్ష రుసుము గడువునాడు పిల్లవాడు హాస్టలులో ఎదురుచూచుచుండును. తన సంఖ్యనే నమోదు చేయించుకొని, విద్యాలయము ముందుగా ఇచ్చు అత్యవసర సంకేతములను కాగితముపై వ్రాసి మార్కుల పత్రములతోపాటు పెట్టెలో దాచుకొనుట మేలు. ఫోను పోయిననాడు అవియే దారి.

అయినను కూటశాసనకర్త ఊరకుండలేదు. విద్యాలయపు పుటవలెనే నకలు పుట నిలిపి, రహస్యపదముతోపాటు ఆరంకెలను అడిగి, గడువు దాటకముందే అసలు పుటలో నింపుచున్నాడు. కార్యాలయమువారమని ఫోనులో అంకె లడుగువాడును ఆ తెగవాడే. దీనికి విరుగుడుగ వచ్చిన భద్రతాకీ పుట చిరునామాను తానే సరిచూచుకొని, నకలైనచో బదులు పలుకదు. దాని వెల విద్యార్థికి భారమే. ఇటీవల ఫోనులోనే అదే పని చేయు పాస్‌కీ వచ్చినది.