మంచు మనది.. కప్పు ఎడారిది: ఆసియా ఐస్ హాకీ ఛాలెంజ్ కప్

హాకీ అనగానే తెలుగు పాఠకులకు పచ్చిక మైదానం, ధ్యాన్‌చంద్ కర్ర గుర్తుకు వస్తాయి. గడ్డకట్టిన మంచుపై స్కేట్లు కట్టుకుని ఆడే మరొక హాకీ ఉన్నదనీ, అందులో భారత జట్లు సైతం అంతర్జాతీయ పోటీలకు వెళుతున్నాయనీ తెలిసినవారు తక్కువ. పురుషుల జట్టుకైనా మహిళల జట్టుకైనా అంతర్జాతీయ అనుభవం ప్రధానంగా ఒక్క పోటీలోనే లభించింది. అదే ఆసియా ఛాలెంజ్ కప్.

అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య 1908లో ప్యారిస్‌లో ఏర్పడింది. ప్రస్తుతం దాని ప్రధాన కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో ఉన్నది. కెనడా, స్వీడన్, ఫిన్లాండ్ వంటి దేశాలు తలపడే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దిగువన మెట్లు మెట్లుగా అనేక డివిజన్లు ఉంటాయి. వాటిలో అట్టడుగు మెట్టుకు కూడా చేరని ఆసియా దేశాలకు సాటి జట్లతో తలపడే అవకాశం కల్పించేందుకు 2008లో హాంకాంగ్‌లో ఈ పోటీకి శ్రీకారం చుట్టారు. చైనీస్ తైపీ, థాయిలాండ్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, కువైట్, మకావ్, మంగోలియా, మలేసియా, సింగపూర్, ఫిలిప్పీన్స్ వంటివి వేర్వేరు సంవత్సరాల్లో ఇందులో పాల్గొన్నాయి. భారత పురుషుల జట్టు 2009లో అబుధాబిలో అరంగేట్రం చేసింది. ఆ ఏడాది కప్పును ఆతిథ్య ఎమిరేట్స్ జట్టే గెలుచుకున్నది.

ఎండలో మంచు, మంచులో ఎండమావి

విచిత్రమంతా ఇక్కడే ఉన్నది. వేసవిలో 45 డిగ్రీలు దాటే అబుధాబికి కప్పు దక్కింది. చలికాలంలో సున్నాకు 20 డిగ్రీల దిగువకు సైతం వెళ్లే లేహ్ నుంచి వచ్చిన ఆటగాళ్లు ఓటమితో తిరిగివచ్చారు. మన జట్టులో అత్యధికులు లద్దాఖ్ వారే. వారిలోనూ లద్దాఖ్ స్కౌట్స్, ఇతర సైనిక దళాలు, ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళంలో పనిచేసేవారే ఎక్కువ. లద్దాఖ్‌లో ఈ ఆట పాదుకొనడానికి కారణం కూడా సైనికులే. చలికాలమంతా దారులు మూసుకుపోయే ఆ ప్రాంతంలో ఇది వారికి వ్యాయామమూ, కాలక్షేపమూ అయింది.

అయితే ఆ మంచు ఏడాదిలో సుమారు రెండు నెలలే నిలుస్తుంది. సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో కర్జూ వంటి చెరువులు డిసెంబరు చివరిలో గడ్డకడతాయి. ఫిబ్రవరిలో కరగడం మొదలవుతుంది. రాత్రివేళ నీళ్లు చల్లి, తెల్లవారేసరికి కొత్త పొర గడ్డకట్టేలా చేసుకుని ఆడతారు. పగుళ్లు, గరుకుదనం తప్పవు. మిగిలిన పది నెలలు స్కేట్లు అటకెక్కవలసిందే. ఎడారి నగరాల్లోనూ, మనీలా, బ్యాంకాక్ వంటి చోట్ల షాపింగ్ మాళ్లలోనూ యంత్రాలతో గడ్డకట్టించిన మంచు మాత్రం ఏడాది పొడవునా సిద్ధంగా ఉంటుంది. అక్కడి పిల్లవాడు బడి నుంచి వచ్చి సాయంత్రం ఒక గంట సాధన చేసుకోవచ్చు. లద్దాఖ్ పిల్లవాడు చలికాలం కోసం ఎదురుచూడాలి.

ఆట స్వరూపం తెలిస్తే ఈ తేడా ఎంతటిదో అర్థమవుతుంది. ప్రామాణిక మైదానం పొడవు 60 మీటర్లు. చుట్టూ నడుమెత్తు దాటిన గోడ ఉంటుంది. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురు మైదానంలో ఉంటారు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా ఆడతారు. బంతికి బదులు 'పక్' అనే గట్టి రబ్బరు బిళ్లను వాడతారు. దాని మందం రెండున్నర సెంటీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాములు. ఆ బిళ్లను గోడకు కొట్టి, తిరిగివచ్చే కోణాన్ని ముందే అంచనా వేసి అందుకోవడం ఈ ఆటలో ప్రాథమిక పాఠం. చెరువు అంచున తక్కువ ఎత్తు చెక్కల మధ్య నేర్చుకున్నవారికి ఆ పాఠమే అందదు. నేరుగా విదేశీ మైదానంలో, అదీ పోటీ మధ్యలో నేర్చుకోవలసి వస్తే ఫలితం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఓటములకు పట్టుదల లోపాన్ని కారణంగా చూపడం అన్యాయం.

డెహ్రాడూన్ పాఠం

సొంత గడ్డపై సరైన మైదానం దొరికితే ఏమవుతుందో 2012లో తేలింది. 2011 జనవరిలో జరిగిన దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం ఉత్తరాఖండ్ రాజధాని డెహ్రాడూన్‌లో లోపలి మంచు మైదానాన్ని నిర్మించారు. మరుసటి ఏడాది ఛాలెంజ్ కప్ పోటీలు అక్కడే జరిగాయి. మకావ్‌ను ఓడించి భారత జట్టు తన తొలి అంతర్జాతీయ విజయాన్ని నమోదు చేసింది. ఆ తరువాత ఆ మైదానం మూతపడింది. మంచు కరగకుండా ఉంచాలంటే శీతలీకరణ యంత్రాలు రాత్రింబవళ్లు నడవాలి. ఆ కరెంటు బిల్లు, నిర్వహణ ఖర్చు భరించే దారి దొరకలేదు. కోట్లు వెచ్చించి కట్టిన భవనం ఏళ్ల తరబడి నిరుపయోగంగా పడి ఉండగా, జాతీయ జట్టు గురుగ్రామ్‌లోని ఒక మాల్‌లో ఉన్న చిన్న మంచు వేదికపై సాధన చేయవలసి వచ్చింది. విదేశీ ప్రయాణాలకు ప్రజల నుంచి విరాళాలు సేకరించిన సందర్భాలు కూడా ఉన్నాయి. డెహ్రాడూన్ మైదానం 2025లో 'హిమాద్రి' పేరుతో తిరిగి తెరుచుకున్నది. అదే ఏడాది ఆగస్టులో అక్కడ ఆసియా స్థాయి షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ పోటీలు జరిగాయి.

ఆడపిల్లల పోరాటం

మహిళల జట్టు కథ ఇంకా కఠినమైనది. లద్దాఖ్‌లో మంచు నిలిచే ఆ కొద్ది వారాల్లోనూ మైదానం ముందుగా పురుషులకే దక్కేది. అన్నదమ్ములు వాడి విడిచిన స్కేట్లతో, కొలత కుదరని కవచాలతో ఆడినవారు అనేకులు. అటువంటి జట్టు 2016లో తైపీలో తొలిసారి ఛాలెంజ్ కప్ బరిలో దిగింది. ఒక్క మ్యాచ్‌లోనూ గెలుపు దక్కలేదు. ఏడాది తిరిగేసరికి, 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4-3 తేడాతో ఓడించి మొదటి విజయం సాధించింది. ఆ పోటీలోనే మలేసియాపై రెండో గెలుపు అందుకున్నది. ఈ జట్టుకు గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకున్న నూర్‌జహాన్ వృత్తిరీత్యా పురాతన కళాఖండాల పరిరక్షకురాలు. ఒలింపిక్స్‌లో కెనడాకు నాలుగు స్వర్ణాలు అందించిన జట్లలో ఆడిన హేలీ వికెన్‌హైజర్ 2018లో లద్దాఖ్‌కు వచ్చి బాలికలకు మెలకువలు నేర్పడం, అదే ఏడాది మన క్రీడాకారిణులు కెనడా వెళ్లి ఆడడం ఈ క్రమంలో చెప్పుకోదగినవి.

పోటీ పేరు తరువాతి కాలంలో మారింది. 2025లో ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో ఆసియా కప్ పేరిట జరిగిన మహిళల పోటీల్లో భారత జట్టు కాంస్యం గెలుచుకున్నది. ఈ స్థాయిలో మహిళలకు దక్కిన తొలి పతకం అదే. లద్దాఖ్ వారితో పాటు హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ అమ్మాయిలు కూడా ఇప్పుడు జట్టులో చోటు సంపాదిస్తున్నారు.

ఛాలెంజ్ కప్‌లో భారత్‌తో పాటు ఆడిన ఫిలిప్పీన్స్, కువైట్, థాయిలాండ్ వంటి దేశాలు ఆ తరువాత ప్రపంచ ఛాంపియన్‌షిప్ దిగువ డివిజన్లకు చేరుకున్నాయి. భారత్ 1989 నుంచి సమాఖ్యలో సభ్యదేశమే. అయినా ఆ మెట్టు ఎక్కాలంటే జట్టు ప్రతిభతో పాటు ప్రమాణాలకు తగిన లోపలి మైదానం, ఏడాది పొడవునా సాధన, పిల్లల స్థాయి పోటీలు అవసరం.

తెలుగు రాష్ట్రాలకు ఈ ఆటతో నేరుగా సంబంధం లేదు. అయితే స్కేటింగ్ కొత్త కాదు. హైదరాబాద్ ఇందిరా పార్కులోనూ, విశాఖ శివాజీ పార్కులోనూ చక్రాల స్కేట్లపై పిల్లలు సాధన చేయడం చాలాకాలంగా ఉన్నదే. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో పతకాలు తెచ్చాడు. 2025లో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో తెలంగాణ స్కేటర్ మంచుపై స్వర్ణం గెలవడంతో చక్రాల నుంచి మంచుకు మారడం అసాధ్యం కాదని తేలింది. అందుకు తగిన మైదానం మాత్రం ఉభయ రాష్ట్రాల్లో ఎక్కడా లేదు. ప్రామాణిక మైదానంపై సాధన కావాలంటే ఇక్కడి పిల్లలు డెహ్రాడూన్ రైలెక్కవలసిందే.