కొరియాలో కుక్కమాంస భక్షణ – పరదేశీయుల దృక్పథాలు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కొరియా ఆహారసంస్కృతి గురించి పరదేశీయులు రాసిన, మాట్లాడిన సందర్భాలలో కుక్కమాంసం ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి మతప్రచారకుల నుండి 2018 శీతాకాల ఒలింపిక్స్ క్రీడాకారుల దాకా ఈ దృక్పథం ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరదేశీయుల ఖండన ఆచారాన్ని ఎంతవరకు మార్చింది, ఎంతవరకు మరుగుపరచింది అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: కొరియా, ఆహారసంస్కృతి, బోసిన్‌తాంగ్, పరదేశీయులు, శ్వపచుడు, సాంస్కృతిక సాపేక్షత.

1. ఉపోద్ఘాతం:
ఒక సమాజం ఏమి తింటుందన్నది పోషణకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఎవరు మనవారు, ఎవరు పరాయివారు అని గీసే సరిహద్దు చాలాసార్లు వంటింటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. దక్షిణ కొరియా పార్లమెంటు 2024 జనవరి 9న ఆహారం కోసం కుక్కలను పెంచడాన్ని, వధించడాన్ని, పంపిణీ చేయడాన్ని, విక్రయించడాన్ని నిషేధించే ప్రత్యేక చట్టాన్ని ఆమోదించింది. అనుకూలంగా 208 ఓట్లు పడగా వ్యతిరేకంగా ఒక్క ఓటు కూడా పడలేదు. దీనిని పాశ్చాత్యుల దీర్ఘకాలిక ఒత్తిడి సాధించిన విజయంగా చెప్పడం సులభం. చారిత్రక ఆధారాలు అంత సులభమైన నిర్ణయానికి తావివ్వవు.

2. కొరియా సంప్రదాయంలో కుక్కమాంసం:
జోసన్ రాజ్యకాలంలో కుక్కమాంసానికి వైద్యపరమైన, ఋతుసంబంధమైన స్థానం ఉండేది. 1613లో ముద్రితమైన హొ జున్ వైద్యగ్రంథం ‘దోంగుయి బోగామ్’ కుక్కమాంసపు ఔషధగుణాలను పేర్కొన్నది. హోంగ్ సొక్‌మో 1849లో కూర్చిన ‘దోంగ్గుక్ సేసిగి’ ఆనాటి పండుగలను, ఋతువులను అనుసరించే ఆచారాలను వర్ణించిన గ్రంథం. వేసవిలో అత్యంత వేడిగా ఉండే మూడు ‘సంబోక్’ దినాలలో కుక్కమాంసపు పులుసు తాగి చెమట పట్టించుకోవడాన్ని అది నమోదు చేసింది. వేడిని వేడితోనే జయించాలన్న భావన దీనికి మూలం.

ఈ ఆచారం అందరిదీ కాదు. బౌద్ధ ప్రభావం ఉన్న కుటుంబాలు దీనికి దూరంగా ఉండేవి. కుక్కమాంసం గిట్టనివారికోసం అదే పద్ధతిలో గొడ్డుమాంసంతో వండిన పులుసే ‘యుక్‌గేజాంగ్’. పాత వంటకం పేరు ‘గేజాంగ్’ ఈ కొత్త వంటకం పేరులో నిలిచిపోయింది. తినేవారి ఆచారంతోపాటు తిననివారి అయిష్టత కూడా కొరియా వంటింటి చరిత్రలో భాగమేనని ఈ ఒక్క పదం నిరూపిస్తుంది.

3. పందొమ్మిదో శతాబ్దపు పరదేశీయులు:
ఫ్రెంచి కాథలిక్ మతప్రచారకులు 1836 నుండి కొరియాలోకి రహస్యంగా ప్రవేశించారు. ముఖాన్ని కప్పే మైలవారి పెద్ద టోపీలు ధరించి, స్థానిక క్రైస్తవుల ఇళ్లలో దాక్కొని జీవించారు. వారి లేఖల ఆధారంగా షార్ల్ డాలే 1874లో కొరియా చర్చి చరిత్రను ప్రచురించాడు. ఆ దేశంలో దొరకని గొర్రెమాంసానికి బదులుగా కుక్కమాంసం వాడతారనీ, దాని రుచి చెడ్డది కాదని మతప్రచారకులు అంటారనీ అందులో రాశాడు. ఇందులో జుగుప్స లేదు. ఆతిథ్యమిచ్చినవారి పళ్లెంలో ఏముంటే అది తిన్నవారి సాక్ష్యం ఇది.

డాలేను విస్తృతంగా వాడుకొన్న అమెరికన్ రచయిత విలియం గ్రిఫిస్ తన కొరియా చరిత్రను 1882లో వెలువరించే నాటికి ఆ దేశాన్ని చూడలేదు. అతని రచనలో కుక్కమాంసం ‘ఏకాంత రాజ్యపు’ వింతలలో ఒకటిగా మారింది. 1894–97 మధ్య కొరియాలో పర్యటించిన ఇసబెల్లా బర్డ్ బిషప్ సియోల్ వీధికుక్కలను నగరాన్ని శుభ్రపరిచే ప్రాణులుగా వర్ణిస్తూ, వాటిని ఆహారం కోసం చంపుతారన్న విషయాన్ని కూడా పేర్కొన్నది. మతప్రచారకులు తిన్నారు, బిషప్ చూసింది, గ్రిఫిస్ చదివి రాశాడు. తినేవారితో దూరం పెరిగినకొద్దీ ఆహారం కాస్తా వింతగా మారడం ఈ మూడు రచనలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు గోచరిస్తుంది.

4. ఒలింపిక్స్ నుండి ప్రపంచకప్ దాకా:
1988 ఒలింపిక్స్‌కు సియోల్ ఎంపికైన తరువాత పరదేశీయుడి చూపు కొరియా ప్రభుత్వ విధానాన్ని ప్రభావితం చేయసాగింది. 1984లో నగరపాలక యంత్రాంగం కుక్కమాంసపు పులుసు ‘బోసిన్‌తాంగ్’ను పాముల పులుసు వంటి వాటితో కలిపి ‘జుగుప్సాకర ఆహారం’గా పేర్కొంటూ విక్రయాన్ని నిషేధించింది. పర్యవసానంగా దుకాణాలు మూతపడలేదు, ప్రధాన వీధులనుండి సందులలోకి తరలిపోయాయి. వంటకానికి ‘సాచొల్‌తాంగ్’ (నాలుగు ఋతువుల పులుసు), ‘యొంగ్యాంగ్‌తాంగ్’ (పుష్టినిచ్చే పులుసు) అనే మారుపేర్లు వచ్చాయి.

దీనివల్ల కుక్కలకు మేలు జరగలేదు. మాంసపు పరిశుభ్రతకు, వధకు సంబంధించిన చట్టపు పరిధినుండి కుక్కను 1978లోనే తొలగించారు. అందువల్ల ఈ వ్యాపారం అనుమతికీ నిషేధానికీ నడుమ, ఏ తనిఖీ లేని చోట కొనసాగింది. పరువుకోసం పెట్టిన తెర వెనుక క్రూరత్వం కనబడకుండా పోయింది.

2002 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌కు ముందు వివాదం మళ్లీ రగిలింది. కుక్కల పట్ల క్రూరత్వాన్ని ఆపాలని 2001 నవంబరులో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య కొరియాను కోరింది. ఫ్రెంచి నటి బ్రిజిత్ బార్దో ఆ ఏడాది చివర ఒక కొరియా రేడియో కార్యక్రమంలో ఈ ఆచారాన్ని తీవ్రంగా ఖండించింది. కొరియాకు వచ్చిన ఫ్రెంచివారు కూడా కుక్కమాంసం తిన్నారని వ్యాఖ్యాత అనగానే ఆమె సంభాషణను తెంచివేసింది. ఆ మాటకు డాలే గ్రంథమే సాక్ష్యమని ఆమెకు తెలియకపోవచ్చు.

ఈ ఖండనకు ప్రతిగా కొరియాలో ఆత్మగౌరవ వాదం బలపడింది. జానపద అధ్యయనకారుడు జూ కాంగ్‌హ్యొన్ దీనిని సాంస్కృతిక సామ్రాజ్యవాదంగా విశ్లేషించాడు. గుర్రపుమాంసం తినే ఫ్రాన్సుకు నీతి చెప్పే అర్హత ఎక్కడిదన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. ఈ వాదంలో బలం ఉన్నది, లోపమూ ఉన్నది. అది కొరియన్లందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది. కుక్కమాంసం ఎన్నడూ ముట్టనివారు, జంతువుల పక్షాన పనిచేస్తున్న స్థానిక కార్యకర్తలు పాశ్చాత్యుల అనుచరులన్న ముద్ర మోయవలసి వచ్చింది. బయటివారి ఖండన లోపలివారి విమర్శను బలహీనపరచిన సందర్భమిది.

5. ‘పరదేశీయుడు’ ఎవరు?
ఈ చర్చలో ‘పరదేశీయుడు’ అంటే పాశ్చాత్యుడేనన్న ఊహ బలంగా పాతుకుపోయింది. కొరియాలో నివసించే పరదేశీయులలో చైనా ఈశాన్య ప్రాంతపు కొరియా సంతతివారు, వియత్నాం కార్మికులు పెద్దసంఖ్యలో ఉన్నారు. ఆ ప్రాంతాలలో కూడా కుక్కమాంసపు వంటకాలు ఉన్నాయి. వీరి అభిప్రాయాన్ని ఎవరూ అడగలేదు. పాశ్చాత్య నివాసులలోనూ ఏకాభిప్రాయం లేదు. తినడాన్ని సాహసంగా భావించి స్నేహితులకు చెప్పుకొనేవారు, పూర్తిగా అసహ్యించుకొనేవారు, వధ పద్ధతిని మాత్రమే వ్యతిరేకించేవారు, ఇతరుల పళ్లెం గురించి మాట్లాడరాదని మౌనం వహించేవారు వారిలో ఉన్నారు.

6. 2018 తరువాత:
ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్ నాటికి స్వరంలో మార్పు కనిపిస్తుంది. అమెరికన్ స్కీయింగ్ క్రీడాకారుడు గస్ కెన్‌వర్తీ ఒక కుక్కల ఫారాన్ని సందర్శించి ఒక కుక్కపిల్లను దత్తత తీసుకొన్నాడు. పాశ్చాత్య ఆదర్శాలను రుద్దడం తన పని కాదంటూనే, అక్కడి అమానుష పరిస్థితులను వ్యతిరేకించాడు. కుక్కలను బాగా చూసుకోండని పత్రికా సమావేశంలో కొరియన్లకు చెప్పిన డచ్ స్కేటింగ్ క్రీడాకారుడు యాన్ బ్లోక్‌హైసెన్ మాత్రం క్షమాపణ చెప్పవలసివచ్చింది. ఇద్దరిదీ కుక్కల పట్ల దయే. ఒకరు ఒక ఫారం గురించి మాట్లాడారు, మరొకరు ఒక జాతిని ఉద్దేశించి మాట్లాడారు.

ఈలోగా అసలు మార్పు కొరియా ఇళ్లలోనే జరిగింది. కుక్క పెరటినుండి అపార్ట్‌మెంటులోకి, కాపలా జంతువు స్థానం నుండి కుటుంబసభ్యుని స్థానానికి వచ్చింది. గాలప్ కొరియా సర్వే ప్రకారం అంతకుముందు ఏడాదిలో కుక్కమాంసం తిన్నవారు 2015లో 27 శాతం కాగా, 2022లో 8 శాతం మాత్రమే. 2024 చట్టం ఈ మార్పు తరువాత వచ్చింది. మూడేళ్ల గడువు అనంతరం 2027 నుండి శిక్షలు అమలవుతాయి. వధకు మూడేళ్ల దాకా జైలు లేదా మూడు కోట్ల వాన్ల దాకా జరిమానా ఉంటుంది. తినడాన్ని మాత్రం చట్టం నేరంగా పరిగణించలేదు. చట్టం ఆమోదం పొందిన నాటికి ఉపాధి కోల్పోయే రైతుల పరిహారం, ఫారాలలో మిగిలే లక్షల కుక్కల భవిష్యత్తు చర్చలోనే ఉండేవి.

7. తెలుగు పరిశోధకుని స్థానం:
ఈ విషయాన్ని తెలుగులో రాసేవారు తటస్థులమనుకోవడం పొరపాటు. మన నిఘంటువులలో ‘శ్వపచుడు’ అనే పదం ఉన్నది. కుక్కను వండుకొనేవాడని దాని వ్యుత్పత్తి. అమరకోశం దీనిని చండాల పర్యాయపదాలలో చేర్చింది. అంటే ఆహారాన్ని బట్టి మనిషిని ఊరికి వెలుపల నిలిపిన చరిత్ర మన పదజాలంలోనే నిక్షిప్తమై ఉన్నది. మహాభారత శాంతిపర్వంలో కరువుకాలాన విశ్వామిత్రుడు చండాలుని ఇంట కుక్కతొడను దొంగిలించబోతాడు. వద్దని వారించేది చండాలుడే! తినదలచిన ఋషి ఋషిగానే మిగిలాడు, వారించినవాని పేరు మాత్రం నిందావాచకమైంది.

2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జరిగిన పెద్దకూర పండుగ చుట్టూ రేగిన వివాదంలోనూ, నాగాలాండ్ ప్రభుత్వం 2020లో విధించిన కుక్కమాంస నిషేధాన్ని 2023లో గౌహతి హైకోర్టు కొట్టివేసిన ఉదంతంలోనూ ఇదే ప్రశ్న ఉన్నది: ఒకరి కంచాన్ని నిర్ణయించే అధికారం ఎవరిది? అయితే ఈ మూడింటినీ ఒకటిగా కలపరాదు. కొరియాలో పరదేశీయుడు ఒక దేశాన్ని తప్పుపట్టాడు. మన దగ్గర పొరుగువాడే పొరుగువాణ్ణి తప్పుపట్టాడు.

8. ముగింపు:
పరదేశీయుల దృక్పథానికి కొరియాలో ప్రభావం లేదనలేము. 1980లలో అది దుకాణాల పేర్లను, చిరునామాలను మార్చింది. 2000ల ఆరంభంలో ఆత్మరక్షణ వాదాన్ని పెంచింది. స్థానిక కార్యకర్తల వెనుక నడిచినప్పుడు మాత్రమే అది నిర్మాణాత్మకమైంది. అవమానం ఆచారాన్ని దాచిపెట్టిందే తప్ప తొలగించలేదు. తొలగించింది ఆ సమాజం తనలో తాను జరుపుకొన్న చర్చ, దానికంటే ముందుగా కుక్కతో అది ఏర్పరచుకొన్న కొత్త అనుబంధం. జంతువు బాధను ప్రశ్నించడం, మనిషిని అతని తిండితో కొలవడం రెండు వేర్వేరు పనులు. మొదటిదాని పేరుతో రెండవది ఎక్కడ ప్రవేశిస్తున్నదో గుర్తించడం ఆహారసంస్కృతి పరిశోధకుల బాధ్యత. ‘శ్వపచుడు’ అనే పదం ఉన్న భాషలో రాసే మనకు ఆ బాధ్యత మరింత ఎక్కువ.