4.3 మినమాటా: పాదరసం, మెదడులోని రక్షక కణాలు

పరిశ్రమలు ఒక పట్టణానికి ఉపాధినిస్తూనే అక్కడి ప్రజల మెదడును ఎలా దెబ్బతీశాయో ఈ విభాగంలో పరిశీలిద్దాం. ఇందుకు జపాన్‌లోని మినమాటాను ఉదాహరణగా తీసుకొందాం.

4.3.1 నేపథ్యం

మినమాటా క్యూషూ దీవిలోని తీరపట్టణం. అక్కడి చిస్సో కర్మాగారం 1932లో అసిటాల్డిహైడ్ తయారీని ప్రారంభించింది. ఇందులో ఉత్ప్రేరకంగా పాదరసాన్ని వాడేవారు. దానిలో కొంత మిథైల్ పాదరసంగా మారి, వ్యర్థజలంతోపాటు సముద్రంలో కలిసేది. అది చేపల్లో పేరుకొని, చేపలే ముఖ్య ఆహారమైన మత్స్యకార కుటుంబాలకు చేరింది. పిల్లులు తూలి పడిపోసాగాయి. మనుషులకు చేతులు తిమ్మిరెక్కాయి, నడక తడబడింది, చూపు పరిధి కుంచించుకుపోయింది. 1956 మే 1న కర్మాగారపు ఆసుపత్రి అధిపతి డాక్టర్ హొసోకావా హజిమె ఈ వింత వ్యాధి గురించి ఆరోగ్య కార్యాలయానికి తెలియజేశారు.

4.3.2 మెదడులో జరిగే మార్పులు

రక్తంలోని హానికర పదార్థాలు మెదడులోకి రాకుండా ఒక అవరోధం అడ్డుకొంటుంది. అయితే మిథైల్ పాదరసం సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో కలిసినప్పుడు శరీరానికి అవసరమైన మరో అమైనో ఆమ్లాన్ని పోలి ఉంటుంది. అందువల్ల ఆ అవరోధాన్ని సులభంగా దాటుతుంది.

మెదడులో ఉండే రోగనిరోధక కణాలను మైక్రోగ్లియా అంటారు. స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో హోర్తెగా 1919లో వీటిని ప్రత్యేక కణాలుగా వర్ణించాడు. మామూలుగా ఇవి సన్నని శాఖలు చాచి పరిసరాలను కనిపెట్టుకొని ఉంటాయి. నాడీకణాలు దెబ్బతింటే ఇవి శాఖలు ముడుచుకొని, సైటోకైన్లు అనే పదార్థాలను విడుదల చేస్తాయి. ఈ స్థితే నాడీశోథం. ఇది కొద్దికాలం ఉంటే రక్షణనిస్తుంది. ఎక్కువకాలం కొనసాగితే ఆరోగ్యంగా ఉన్న నాడీకణాలకూ హాని చేస్తుంది. దీర్ఘకాలం మిథైల్ పాదరసం ఇచ్చిన కోతుల మెదడులో మైక్రోగ్లియా సంఖ్య పెరిగినట్లు 1990లలో జరిగిన పరిశోధనల్లో తేలింది.

4.3.3 చరిత్ర నేర్పే పాఠం

ఈ కణాల సంగతి తెలియకపోవడం వల్లనే నివారణ ఆలస్యమైందని మీరు భావించవచ్చు. అది నిజం కాదు. 1959 జూలైలోనే కుమమోతో విశ్వవిద్యాలయ పరిశోధకులు వ్యాధికి పాదరసం కారణమని సూచించారు. హొసోకావా కర్మాగారపు వ్యర్థజలం కలిపిన ఆహారాన్ని ఒక పిల్లికి పెట్టగా, అదే ఏడాది అక్టోబరులో దానికి ఈ వ్యాధి లక్షణాలు కనిపించాయి. కంపెనీ ఆ ఫలితాన్ని వెల్లడించలేదు. తల్లి గర్భంలోనే శిశువులకు ఈ విషం సోకిందని 1962లో నిర్ధారణ అయింది. అయినా అసిటాల్డిహైడ్ తయారీ 1968 మేలో గాని ఆగలేదు. ప్రభుత్వం కారణాన్ని అధికారికంగా అంగీకరించింది ఆ ఏడాది సెప్టెంబరు 26న.

ఇక్కడ మీరు గమనించవలసిన ముఖ్యాంశం ఇది: విషం కణస్థాయిలో ఎలా పనిచేస్తుందో పూర్తిగా తెలిసేదాకా వేచి ఉండనవసరం లేదు. అది ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిస్తే ఆపవచ్చు. మినమాటాలో లోపించింది జ్ఞానం కాదు, ఆపాలన్న సంకల్పం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1959 నుంచి 1968 వరకు జరిగిన జాప్యానికి బాధ్యులెవరు? మీ సమాధానాన్ని కారణాలతో పది పంక్తుల్లో రాయండి.