మూడు రోజుల జెండా

1947 జులై 8. ఢిల్లీ ఉడికిపోతోంది. విమానం దిగిన లండన్ లాయర్ సర్ సిరిల్ రాడ్‌క్లిఫ్‌కి ఈ నేల కొత్త. ఇదివరకు ఒక్కసారీ ఇటు రాలేదు. అందుకే ఏరికోరి పిలిపించారు. ఎవరి తరఫు మనిషీ కాదు కదా అని. చేతిలో పెట్టిన పని ఒక్కటే. పంజాబ్‌ని, బెంగాల్‌ని చెరో రెండు ముక్కలు చెయ్యాలి. గడువు ఐదు వారాలు.

బల్లనిండా మ్యాపులు. పక్కన 1941 జనాభా లెక్కల దొంతర. చెమట జారి కాగితం మీద పడుతోంది. బెంగాల్ కమిషన్‌లో నలుగురు జడ్జీలు. కాంగ్రెస్ చెప్పినవాళ్లు ఇద్దరు, ముస్లిం లీగ్ చెప్పినవాళ్లు ఇద్దరు. పెద్ద ప్రశ్న ఏది వచ్చినా ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. ఇక తేల్చాల్సింది అయిదో మనిషే. పెన్సిల్ ఆయన చేతికొచ్చింది.

ముర్షిదాబాద్ దగ్గర ఆ పెన్సిల్ ఆగింది.

లెక్కల ప్రకారం అక్కడ ముస్లింలే ఎక్కువ. అంటే పాకిస్తాన్‌కి పోవాలి. కానీ గంగ నుంచి భాగీరథి చీలేది ఆ జిల్లాలోనే, అదే దక్షిణానికి పారి హుగ్లీ అయ్యేది, ఆ హుగ్లీ నీళ్ల మీదే కలకత్తా రేవు బతికేది, ఆ చీలిక అవతలివాళ్ల చేతికెళితే ఇవతల రేవు గతేమిటన్న ప్రశ్న బల్ల మీద మ్యాపు కంటే పెద్దదై కూర్చుంది. దక్షిణాన ఖుల్నా. అక్కడ హిందువులు కొద్దిపాటి తేడాతో ఎక్కువ. ఒక జిల్లాలో జనం లెక్క, ఇంకో జిల్లాలో నీటి లెక్క. గీత పడింది. ఎటు పడిందో ఆ రెండు జిల్లాల్లో ఒక్కరికీ తెలియదు.

నివేదికల మీద తేదీ ఆగస్టు 12. స్వాతంత్ర్యానికి ఇంకా మూడు రోజులు టైముంది. చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. వైస్రాయ్ మౌంట్‌బాటెన్ 13న కరాచీ విమానమెక్కారు. ముందే బయటపెడితే పండగ పాడవుతుంది. గొడవలు రేగితే ఆ నింద బ్రిటిష్‌వాళ్ల నెత్తిన పడుతుంది. పండగ కానిద్దాం, గీత తర్వాత. కోట్ల మంది తలరాత కవర్లలో ఉండిపోయింది.

మరి 15న ఏ ఊళ్లో ఏ జెండా ఎగరెయ్యాలి?

దానికో తాత్కాలిక ఏర్పాటు ఉంది. బ్రిటిష్ పార్లమెంటు చేసిన స్వాతంత్ర్య చట్టంలోనే జిల్లాల పట్టిక పెట్టారు. ముస్లింలు ఎక్కువున్న జిల్లాలు తూర్పు బెంగాల్‌కి, అంటే పాకిస్తాన్‌కి, మిగతావి పశ్చిమానికి. కమిషన్ గీత వచ్చేదాకా అదే సరిహద్దు. జనానికి ‘వచ్చేదాకా’ అన్న మాట వినపడలేదు. జెండా ఒక్కటే కనపడింది.

ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం బహరంపూర్. శ్రావణం నడిచే రోజులు, భాగీరథి ఎర్రటి నీళ్లతో ఒడ్డులొరుసుకుంటోంది. బ్యారక్ స్క్వేర్ మైదానంలో నెలవంక జెండా పైకి లేచింది. ఒక వీధిలో జిందాబాద్‌లు. పక్క వీధిలో తలుపులు బిడాయించుకున్నారు. అదే రోజు ఖుల్నాలో మూడు రంగుల జెండా. చిట్టగాంగ్ కొండల్లోని రంగమాటిలోనూ అదే జెండా, ఎందుకంటే ఆ కొండల్లో నూటికి 97 మంది ముస్లిమేతరులు. తాము భారత్‌లోనే ఉన్నామని వాళ్ల ధీమా. ఢిల్లీలో కవర్లు ఇంకా విప్పలేదు.

ఆగస్టు 16, సాయంత్రం అయిదు. ఢిల్లీలో రెండు దేశాల నాయకులు ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. కవర్లు తెరుచుకున్నాయి. కాగితం తిప్పేకొద్దీ ముఖాలు మారాయి. చిట్టగాంగ్ కొండలు పోయాయని నెహ్రూ, పటేల్‌ల మంట. పంజాబ్‌లోని గురుదాస్‌పూర్‌లో ఎక్కువ భాగం పోయిందని పాకిస్తాన్ వైపు మంట. అయినా కట్టుబడి ఉంటామని ఇద్దరూ ముందే మాటిచ్చారు. మర్నాడు గెజిట్ అచ్చయింది. అదే రోజు రాడ్‌క్లిఫ్ దేశం వదిలి వెళ్లిపోయారు. తన దగ్గరున్న కాగితాలు కాల్చేశారు. మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు.

కబురు మాత్రం జిల్లాలకి చేరింది.

బహరంపూర్‌లో నెలవంక దిగింది, మూడు రంగులు ఎక్కాయి. ఖుల్నాలో మూడు రంగులు దిగాయి, నెలవంక ఎక్కింది. మూడు రోజుల కిందట జిందాబాద్ కొట్టిన ఇంట్లో ఇప్పుడు మూటలు కడుతున్నారు, తలుపులు బిడాయించుకున్న ఇంట్లో శంఖం ఊదుతున్నారు, ఇల్లు అదే, వాకిలి అదే, పొలం గట్టూ అదే, కాళ్ల కింద దేశం ఒక్కటే మారిపోయింది. రంగమాటిలో కొండజనం జెండా దించలేదు. ఆగస్టు 21న బలూచ్ రెజిమెంటు వచ్చింది. దించేసింది. మీకేం కావాలని ఆ కొండజనాన్ని ఎవరూ అడగలేదు.

పంజాబ్‌లో అడిగే వ్యవధీ లేకపోయింది. బళ్లు, రైళ్లు, కాలినడక. రెండు వైపులా కలిపి కోటి మందికి పైగా ఇళ్లు వదిలారు. చచ్చిపోయినవాళ్ల లెక్క నేటికీ తేలలేదు. రెండు లక్షలన్నవాళ్లున్నారు, ఇరవై లక్షలన్నవాళ్లూ ఉన్నారు. గీత సరిగ్గా పడి ఉంటే ఈ నెత్తురంతా ఆగేదని కాదు. కానీ మన ఊరు ఏ దేశంలో ఉందో ముందుగా తెలుసుకోవడం మనిషికి కనీస హక్కు. గీత సిద్ధమై కూడా చేతికందని ఆ అయిదు రోజుల్లో ఆ హక్కునే లాక్కున్నారు.

అందుకే, ముర్షిదాబాద్‌లాగే జెండా మారిన నదియా, మాల్దా జిల్లాల్లో కొన్ని ఊళ్లు ఆగస్టు 15తో ఆగవు. 18న మళ్లీ జెండా ఎగరేస్తాయి. తాము ఏ దేశం వాళ్లమో ఆ ఊళ్లకి తెలిసింది ఆ రోజే.